రెండు పొట్లాలు

దొరవారిసత్రం,
9 ఆగస్టు 1961.

చిరంజీవి మాల్యాద్రికి మస్తానమ్మ అక్క దీవెనలు.

ఈ ఉత్తరం గదిలో ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. చదివాక చించెయ్యి.

మీ చిన్నక్క మాలకొండ కాన్పు జ్వరంతో పోయినప్పటి నుంచీ దాని బిడ్డ చెంచులక్ష్మి కోసం నేను ఈ ఇంట్లో పడి ఉన్నాను. పెంచలయ్య రెండో పెళ్ళి చేసుకున్న రోజు కూడా నోరెత్తలేదు. పేరమ్మ వచ్చి ఏడాదవుతోంది. పిలిస్తే పలుకుతుంది, చెప్పిన పని చేస్తుంది. కానీ మనసులో ఏముందో ముఖంలో కనపడనివ్వదు. అట్లాంటి మనిషిని నేనెప్పుడూ నమ్మలేను.

చెంచులక్ష్మికి తట్టు పోసిందనీ తగ్గిందనీ రాశాను కదా. బిడ్డ గట్టెక్కితే పొంగలి పెడతాననీ, అప్పటిదాకా ఇంట్లో నీసు వండనివ్వననీ అమ్మవారికి మొక్కుకున్నాను. పాలు పడవని మాన్పించాను. పప్పు అరగదని పెట్టడం లేదు. మూడు పూటలా నా చేత్తో జావ పోస్తున్నాను. మొలగొలుకుల బియ్యం కడిగి ఆరబెట్టి, దోరగా వేయించి, నేనే విసురుకున్న పిండి. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది కూడా. బుగ్గలు వచ్చాయి.

నిన్న మధ్యాహ్నం గొడ్లపాక వెనక పేరమ్మ దాని నోట్లో ఏదో పెడుతూ కనిపించింది.

"ఏంది పెడతన్నావు బిడ్డకి?" అన్నాను.

"ఏం లేదక్కా."

"ఏం లేకుండా దాని నోరెట్ట ఆడతంది?"

పమిట కొంగు ముడేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నీళ్ళకు పోయినప్పుడు ఆమె పెట్టె తెరిచాను. అడుగున బట్ట సంచిలో మట్టి రంగు పొడి ఉంది. మాడిన వాసన, దాని కింద ఏదో నీసు వాసన. ఏ ఎముకలు కాల్చారో, ఎక్కడి బూడిద కలిపారో. మందు పెట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేకపోలేదు. పేరమ్మకు ఇప్పుడు మూడో నెల. తనకొక బిడ్డ పుట్టబోతుంటే మాలకొండ బిడ్డ ఎవరికి కావాలి?

ఆ పొడి పిడికెడు పొట్లం కట్టి, మన స్టేషను పోర్టరు సమాధానం లేడూ, అతను మద్రాసు వస్తుంటే చేతికిచ్చాను. నువ్వు కాలేజీలో చేసేది ఇలాంటి పరీక్షలే కదా. అందులో ఏముందో చెప్పు. పెంచలయ్యకు రాయొద్దు.

మీ అక్క,
మస్తానమ్మ


తిరువళ్ళిక్కేణి, మద్రాసు,
14 ఆగస్టు 1961.

అక్కకు నమస్కారాలు.

పొట్లం చేరింది. నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సహించలేదు. చిన్నక్క పోయినప్పుడే నాకు బావ మీద అనుమానం ఉండేది, సరిగా వైద్యం చేయించలేదని. ఇప్పుడు ఈమె. పెళ్ళిలో ఆమె ఒక్కసారి కూడా తలెత్తి మనవైపు చూడలేదు, నీకు గుర్తుందా? సిగ్గనుకున్నాం.

నేను డిమాన్‌స్ట్రేటరుని మాత్రమే. పిల్లలకు పాఠంలో చూపించే పరీక్షలు నాకు వచ్చు గానీ విషాలు పట్టడం వేరే విద్య. నాతో పనిచేసే క్రీస్తురాజుకు అది తెలుసు. అతనికి నీ పేరూ ఊరి పేరూ చెప్పలేదు. ముందు పాషాణం ఉందేమో చూస్తానన్నాడు. ఒక ఎలుకకు కూడా ఈ పొడి పెట్టి చూద్దామన్నాడు.

నువ్వు పోసే జావ పిండి కూడా కాస్త పంపించు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

తేలేదాకా ఆమెను ఏమీ అనవద్దు. పాపను మాత్రం వదలకు.

నీ తమ్ముడు,
మాల్యాద్రి


దొరవారిసత్రం,
22 ఆగస్టు 1961.

మాల్యాద్రీ,

నా జావ పిండి ఎందుకురా నీకు? ఎవరు దొంగో చెప్పమంటే నా ఇల్లు సోదా చేస్తానంటున్నావు. మూడు రోజులు అలిగి కూర్చుని, తర్వాత పంపిస్తున్నాను. చూసుకో. ఇందులో నా చేతి చెమట తప్ప ఇంకేమీ దొరకదు.

పేరమ్మను బిడ్డ దగ్గరికి రానివ్వడం లేదు. నా గదిలోనే పడుకోబెట్టుకుంటున్నాను. నేను దొడ్లోకి వెళ్ళినా గొళ్ళెం పెట్టి వెళ్తున్నాను. ఆమె గుమ్మం అవతల నిలబడి చూస్తుంది. మాటల్లేవు. మొన్న మాత్రం, "బిడ్డకి ఆకలిగా ఉండాదక్కా" అంది. పూటకు గ్లాసుడు జావ తాగే పిల్లకు ఆకలేమిటి? నన్ను దెప్పడానికి కాకపోతే!

ఈ పదిరోజుల్లో పిల్ల మందకొడిగా తయారయింది. ఆడుకోదు. ఎత్తుకుంటే ఏడుస్తుంది, దించినా ఏడుస్తుంది. పాదాలు ఉబ్బాయి. ఆమె పెట్టిన మందు ఇప్పుడు లోపల పని చేస్తున్నట్టుంది. పెంచలయ్యతో చెబితే వింటాడు, కండువా దులుపుకుని మడి మీదికి వెళ్ళిపోతాడు. అతనికి తెలిసే జరుగుతోందేమో అని కూడా అనిపిస్తోంది.

త్వరగా చూడు.

మస్తానమ్మ


మద్రాసు,
1 సెప్టెంబరు 1961.

అక్కా,

రెండో పొట్లం అందింది. పాషాణం లేదు. క్రీస్తురాజు రెండుసార్లు చూశాడు. పేరమ్మ పొడి తిన్న ఎలుక బాగానే ఉంది. ఇంకా కావాలన్నట్టు గిన్నె నాకుతోంది.

ఇంకొన్ని పరీక్షలు నేనే చేస్తున్నాను. ఈలోగా నేను అడిగేవాటికి వెంటనే జవాబు రాయి. పాప పాదం మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట నిలబడుతోందా? జుట్టు రంగు మారిందా? లాగితే ఊడివస్తోందా? కాళ్ళ మీద చర్మం ఎలా ఉంది?

ఎందుకు అడుగుతున్నానో ఇప్పుడు చెప్పను. నాకే రూఢిగా తెలియాలి.

మాల్యాద్రి


దొరవారిసత్రం,
6 సెప్టెంబరు 1961.

మాల్యాద్రీ,

నువ్వు ఏదో దాస్తున్నావు. అక్కడ కూర్చుని మా పిల్ల జుట్టు సంగతి నీకెలా తెలిసింది?

గుంట పడుతోంది, వెంటనే పూడటం లేదు. జుట్టు ఎర్రబడింది, మొక్కజొన్న పీచులాగా. దువ్వితే దువ్వెనకు వచ్చేస్తోంది. మోకాళ్ళ కింద చర్మం నల్లగా కమిలి పొరలు లేస్తోంది. ఇవన్నీ మందు పెట్టిన గుర్తులు కాకపోతే ఏమిటి? పాషాణం కాకపోతే ఇంకొకటి. లోకంలో విషం ఒక్కటేనా?

నీ ఉత్తరం వచ్చిన రోజే పేరమ్మను పంపించేశాను. నువ్వు ఏమీ అనవద్దన్నావు. అయినా ఎలా ఊరుకోను? నేను బావి దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి గొళ్ళెం తీసి ఉంది. ఆమె లోపల కూర్చుని పిల్ల నోటికి వేలు అందిస్తోంది. వేలికి ఆ పొడి. పిల్ల ఆ వేలు చీకుతోంది.

చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాగాను. ఇరుగుపొరుగు వచ్చారు.

"ఏం పెడతన్నావో అందరి ముందరా చెప్పు" అన్నాను.

"చెప్తే నువ్వు పెట్టనిస్తావా అక్కా?" అంది.

అంతకన్నా ఒప్పుకోలు ఏం కావాలి? పెంచలయ్య అరుగు మీదే ఉన్నాడు. నేల చూస్తూ కూర్చున్నాడు. ఆమె అతనివైపు ఒక్కసారి చూసింది. బట్టలు మూట కట్టుకుని నెల్లూరు బస్సెక్కింది. వాళ్ళది తోటపల్లి గూడూరు దాటాక సముద్రం ఒడ్డున ఊరు. వెళ్తూ వెళ్తూ నా బిడ్డను తాకబోయింది. నేను తాకనివ్వలేదు.

ఆమె పోయి మూడు రోజులు. ఇంట్లో దుష్టశక్తి పోయిందని నేను హాయిగా ఉండాలి. కానీ పిల్ల నిన్నటినుంచి జావ కూడా మింగటం లేదు.

నిజం రాయి.

మస్తానమ్మ


మద్రాసు,
11 సెప్టెంబరు 1961.

అక్కా,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. పోర్టరు సమాధానం మధ్యాహ్నం పాసింజరుకు వస్తున్నాడు, చేతికిస్తున్నాను. నిలబడి చదవకు. కూర్చుని చదువు.

రెండు పొట్లాలనూ ఒకే రకంగా పరీక్షించాను. పిల్లల చేత మేక కాలేయం నూరించి మేము రోజూ చెప్పే పాఠమే ఇది. ఆమ్లం పోసి నూరి గుడ్డలో వడకడితే, చిన్న అణువులు నీళ్ళతో కిందికి దిగుతాయి. పెద్దవి గుడ్డలో పిప్పిగా మిగులుతాయి. మన ఒళ్ళయినా, ఆకైనా, చేపైనా, ప్రాణం ఉన్నదేదైనా నూరితే దొరికే వర్గాలు ఇవే. ఎక్కువ భాగం నీరు. ఆ తర్వాత మాంసకృత్తులు, పిండిపదార్థాలు, కొవ్వులు, కణాల్లో వంశలక్షణాలు మోసే ఆమ్లాలు. అంతా కాల్చేస్తే మిగిలే బూడిదలో సున్నం, భాస్వరం, ఇనుము లాంటి ఖనిజాలు.

నీ జావ పిండి మీద అయోడిన్ చుక్క వేస్తే కాటుకలా నల్లబడింది. అదంతా పిండిపదార్థం. సోడాలో మైలుతుత్తం కలిపి పోస్తే మాంసకృత్తులున్నచోట ఊదారంగు రావాలి. నీ పిండిలో ఆ రంగు వచ్చీ రానట్టుగా ఉంది. పేరమ్మ పొడిలో చిక్కటి ఊదా. కాల్చితే మిగిలిన బూడిద నిండా సున్నం, భాస్వరం. అయోడిన్‌కు కొద్దిగా నల్లబడింది, శనగపప్పు కలిసింది కాబట్టి. భూతద్దం కింద పెడితే సన్నటి చేపముళ్ళ ముక్కలు కనిపించాయి.

అవి ఎండు నెత్తళ్ళు, అక్కా. వేయించిన శనగపప్పుతో కలిపి దంచిన నెత్తళ్ళ పొడి.

నీ జవాబు తీసుకుని ఇక్కడి పిల్లల డాక్టరు కామాక్షయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. చదివి వినిపిస్తుంటే సగంలోనే ఆపి, "పిల్లకు ఏం పెడుతున్నారు?" అని అడిగారు. ఉత్త బియ్యపు జావ అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. పిండిపదార్థం ఒంట్లో మండి శక్తినిస్తుంది గానీ, కండ కట్టడానికి పనికిరాదట. కండకూ, చర్మానికీ, జుట్టుకూ, రక్తానికీ మాంసకృత్తులే కావాలి. అవి అందకపోతే ఒళ్ళు తన కండను తానే కరిగించుకుంటుంది. రక్తంలో అవి తగ్గితే నీరు అందులో నిలవక బయటికి ఊరుతుంది. పాదాల్లో, ముఖంలో చేరుతుంది. నువ్వు బుగ్గలు వచ్చాయన్నావే, అది ఒళ్ళు కాదు. నీరు.

తట్టు తర్వాత పిల్ల ఆ మాత్రం నిలబడిందంటే పేరమ్మ దొంగతనంగా పెట్టిన ఆ చిటికెడు వల్లే. నువ్వు కాపలా కాసిన దగ్గర్నుంచీ పిల్ల కుంగిపోతోంది. నీ ఉత్తరాలు తేదీలవారీగా పెట్టుకుని చూశాను. చూడలేక మూసేశాను.

ఒక్క మాట అడుగుతాను. కోపం తెచ్చుకోకు. నీకు నెత్తళ్ళ వాసన తెలియదా అక్కా?

డాక్టరుగారు చెప్పినట్టు చెయ్యి: ఒకేసారి ఎక్కువ పెట్టకూడదు. కొంచెం కొంచెంగా, రోజంతా. పలచటి పాలు, ఉడికిన గుడ్డు మెత్తగా చిదిమి, పప్పుకట్టు, ఈ పొడి. జావ మానక్కర్లేదు, దాంట్లోనే కలుపు. చల్లగాలి తగలనివ్వకు. జ్వరం తగిలితే వెంటనే నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళు. పరీక్షలు నడుస్తున్నాయి, సెలవు శనివారానికి గానీ దొరకలేదు. శనివారం వస్తాను. ఆమెను పిలిపించు.

మాల్యాద్రి


తోటపల్లి గూడూరు,
13 సెప్టెంబరు 1961.

మాల్యాద్రీ,

శనివారం దొరవారిసత్రంలో దిగకు. నేరుగా ఇక్కడికి రా. మేము పేరమ్మ పుట్టింట్లో ఉన్నాము.

వాసన తెలిసింది. నీసని తెలిసింది. దేని నీసో తెలియలేదని రాశాను. అంతకుమించి అడగకు.

నీ ఉత్తరం పెంచలయ్యకు చదివి వినిపించాను. అంతా విన్నాడు. తర్వాత, "పొడి సంగతి నాకు తెలుసు వదినా. నీ మొక్కు చెడిందంటావని, నీ నోటికి భయపడి చెప్పలా" అన్నాడు. వాకిట్లో ఆమె చూసిన చూపు ఎందుకో అప్పుడర్థమైంది. మేమిద్దరం కలిసే ఆమెను బస్సెక్కించాము.

ఆమెను పిలిపించడానికి నాకు మొహం చెల్లలేదు. పిల్లను దుప్పట్లో చుట్టుకుని నేనే బయలుదేరాను. దారిలో పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ప్రతి ఊళ్ళో అనుకున్నాను.

పేరమ్మ ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. మమ్మల్ని చూసి లేచింది. పిల్లను ఆమె చేతుల్లో పెట్టాను. ఆమె పాదం నొక్కి చూసింది. గుంట చూసి నా వైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

"ఎందుకు చెప్పలేదే, ఇది నెత్తళ్ళ పొడని?" అన్నాను.

"చెప్తే పారబోస్తావు. మా ఇంట్లో పిల్లోళ్ళకి ఇదే పెడతారు. బిడ్డ అడిగింది, పెట్టినా. అంతే" అంది.

నువ్వు రాసిన ఆ వర్గాలూ, ఆమ్లాలూ చెప్పబోయాను. ఆమె వినలేదు. వాళ్ళమ్మను పాలకు పంపించి, తాను గుడ్డు ఉడకబెట్టడానికి పోయింది.

మొక్కు సంగతి అమ్మవారితో నేను మాట్లాడుకుంటాను. నువ్వు రా.

మస్తానమ్మ


మద్రాసు,
20 సెప్టెంబరు 1961.

అక్కా,

క్షేమంగా చేరాను. పాప పరిస్థితి డాక్టరుగారికి చెప్పాను. పాదాల వాపు తీయడం మొదలైందంటే మంచి గుర్తేనన్నారు. తీసేకొద్దీ పిల్ల ఎముకల గూడులా కనిపిస్తుందట. చూసి బెదిరిపోవద్దని మరీ మరీ చెప్పమన్నారు. అసలు ఒళ్ళు అప్పుడు మొదలవుతుందట.

అక్కడున్న రెండు రోజుల్లో పేరమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పాపకు పెట్టే ప్రతి ముద్దా ముందు తాను కాస్త కొరికి, మింగి, నావైపు చూసి, అప్పుడు పాప నోట్లో పెట్టింది. పాలయినా అంతే. ఆ చూపు నేను రైల్లో అంతసేపూ మోసుకుంటూ వచ్చాను.

నీకు రాయని మాట ఒకటుంది. పాషాణం లేదని క్రీస్తురాజు చెప్పిన రోజు నేను సంతోషించలేదు. ఆశాభంగమైంది. మళ్ళీ చూడమని అతని వెంటపడ్డాను. ఆమె దోషి కావాలని నాకు అంతగా ఉండింది. చిన్నక్క చావుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి కదా అని. నీ ఒక్కదాని మీదే నింద వేసుకోకు.

నువ్వు అక్కడే ఉంటావా?

మాల్యాద్రి


దొరవారిసత్రం,
10 నవంబరు 1961.

మాల్యాద్రీ,

నేను దొరవారిసత్రం వచ్చేశాను. పేరమ్మే వెళ్ళిపొమ్మంది. పిల్ల పాదాల వాపు పూర్తిగా పోయాక ఒకనాటి పొద్దున నా మూట తెచ్చి అరుగు మీద పెట్టింది. "బిడ్డ ఇక్కడుంటాది. నా కాన్పయ్యేదాకా ఇక్కడే. నువ్వు పోక్కా" అంది. నేను ఎదురు చెప్పలేదు. ఏ హక్కుతో చెప్పను?

ఇక్కడ ముసురు పట్టింది. పెంచలయ్య వారానికోసారి వెళ్ళి చూసి వస్తున్నాడు. వచ్చాక నేను అడగకముందే చెబుతాడు. పిల్ల నవ్వుతోందట. అన్నం ముందు కూర్చుంటే లేవదట. తన పీట మీద ఎవరైనా కూర్చుంటే కొడుతోందట. "పెద్దమ్మ ఏది?" అని అడుగుతోందా అంటే మాత్రం, కండువా సర్దుకుంటాడు.

విసుర్రాయి దగ్గరికి పోతే చేతులు ఆడటం లేదు. నాకు ఆ పిల్ల మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. ఆ ప్రేమతోనే దాన్ని సగం చంపాను. దీనికి మీ కాలేజీలో పరీక్ష ఏదైనా ఉందా?

జవాబు రాయకపోయినా పర్వాలేదు.

మస్తానమ్మ


తోటపల్లి గూడూరు,
18 ఫిబ్రవరి 1962.

చిరంజీవి మాల్యాద్రికి,

పేరమ్మకు మగబిడ్డ పుట్టాడు. తల్లీ బిడ్డా బాగున్నారు.

మూడోనాడు పెంచలయ్య వచ్చి, "నిన్ను తీసుకురమ్మంది వదినా" అన్నాడు. ఎందుకని అడిగితే తెలియదన్నాడు. దారి పొడుగునా నాకు నమ్మకం లేదు. పదిమందిలో నన్ను కడిగెయ్యడానికి పిలిచిందనుకున్నాను. కడగనీ, పడదామనుకున్నాను.

చెంచులక్ష్మి సందు చివరే ఎదురొచ్చింది. దాన్ని నేను మొదట పోల్చుకోలేదంటే నమ్ము. జుట్టు మొదళ్ళనుంచి నల్లగా వస్తోంది, కొసలు మాత్రం ఇంకా ఎర్రగా ఉన్నాయి. కాళ్ళు గట్టిపడ్డాయి. నన్ను ఎగాదిగా చూసి, "పెద్దమ్మా, జావ తెచ్చినావా? నేను తాగను" అంది. అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకోవడానికి పక్కకు తిరిగాను.

లోపల పేరమ్మ మంచం మీద ఉంది. వాళ్ళమ్మకు నడుము పట్టేసి వంగలేకపోతోంది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి.

"బిడ్డకి నీళ్ళు పొయ్యక్కా" అంది.

నేను విన్నది తప్పేమో అనుకున్నాను. విధవరాలిని. పైగా నేను. "ఇంకెవరినైనా పిలవరాదూ?" అన్నాను.

"చెంచుకి పొయ్యలేదా, పుట్టినప్పటినుంచీ? నీకే తెలుసు. మెడకాడ జాగ్రత్త" అంది.

పీట మీద కూర్చుని కాళ్ళు చాపాను. వాణ్ణి నా కాళ్ళ మీద పడుకోబెట్టుకున్నాను. ఒళ్ళంతా వెన్నలా మెత్తగా, ఎర్రగా ఉన్నాడు. నువ్వు చెప్పిన నీరూ, కండా, కొవ్వూ, సున్నమూ అన్నీ కలిపితే ఇంత మాత్రమేనా అనిపించింది. వాళ్ళమ్మ బయటికి వెళ్ళింది. గదిలో ఆ పసివాడూ, నేనూ, ఆమే.

ఆమె చూస్తూ ఉంటుందని, ప్రతి చెంబుకూ వేడి సరిచూసుకుని, తలెత్తకుండా పోశాను. ఒళ్ళు తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, పొత్తిళ్ళలో చుట్టాక అప్పుడు తలెత్తాను.

పేరమ్మ గోడవైపు తిరిగి నిద్రపోతోంది.

మీ అక్క,
మస్తానమ్మ